తంతిని తెచ్చిన వైద్యుడు: సర్ విలియం ఓషానెస్సీ

ఆపదవేళ ఫోను చేతబట్టి 112 అను మూడంకెలు నొక్కవలెనని నేడు అండమాను దీవులలోని చిన్నపిల్లలకు సైతము తెలియును. ఆ పిలుపు ఏ మార్గమున పోవునో, ఎవరి చేతులమీదుగా పోవునో, ఆ మార్గముపై అధికార మెవరిదో అను ప్రశ్నలు మాత్రము సామాన్యముగ ఎవరికిని తోచవు. ఈ దేశమున ఆ ప్రశ్నలు తొలుత పుట్టినది టెలిఫోనుతో కాదు, తంతితో. తంతిని ఈ దేశమునకు తెచ్చినవాడు ఇంజనీరు కాడు, సైనికుడు కాడు, వర్తకుడు అంతకంటె కాడు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచుండిన ఐర్లండు దేశపు వైద్యు డొకడు. ఆతని పేరు విలియం బ్రూక్ ఓషానెస్సీ. వైద్యులకు ఆతడు ఒక విధముగ పరిచితుడు, తంతి తపాలా శాఖవారికి వేరొక విధముగ పరిచితుడు. ఈ ఇరువురు నెరిగిన వ్యక్తి ఒక్కడే యని తెలిసినపుడు ఆశ్చర్యపడని వారుండరు.

ఓషానెస్సీ ఐర్లండులోని లిమరిక్ పట్టణమున 19వ శతాబ్ది తొలి దశాబ్దము ముగియు నాళ్లలో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి 1829లో వైద్యపట్టము నొందెను. పిదప లండను చేరెను గాని, అచట వైద్యవృత్తి సాగించుటకు వలయు అనుమతి లభింపలేదు. లండను వైద్యమండలి తన పొలిమేరలలో అన్యులను సహించెడిది కాదు. గుత్తాధికార మెట్లుండునో ఆతడు ఇరువది యేండ్ల ప్రాయముననే చవిచూచెనన్న మాట. గుత్తాధికారమునకు వెలుపల నిలిచిపోయిన ఈ యువకుడే పిమ్మట అంతకు నూరురెట్లు గొప్పదగు మరొక గుత్తాధికారమునకు కారకు డగుట విధివిలాసము.

రోగులను చూచు హక్కు లేకపోవుటచే ఆతడు ప్రయోగశాల నాశ్రయించెను. విషపదార్థముల శోధనలో నేర్పు గడించెను. పిల్లలు తిను మిఠాయిలకు పూయు రంగులలో ఎట్టి విషములు కలవో పరీక్షించి లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ఇంతలో 1831 చివర ఇంగ్లండులోని సండర్లండు రేవులో కలరా ప్రవేశించెను. ఎందరో వైద్యులు రోగుల నెత్తురు తీయుటయే చికిత్స యని తలచుచుండిన దినములవి. ఓషానెస్సీ అచటికి పోయి రోగుల రక్తమును పరీక్షించెను. దానిలో నీరును, లవణములును మిక్కిలిగ క్షీణించియుండుటను గనుగొనెను. పోయిన నీటిని, పోయిన ఉప్పును నరములలోనికి తిరిగి ఎక్కించుటయే తగిన చికిత్స యని సూచించెను. 1832లో స్కాట్లండులోని లీత్ నగరమున థామస్ లాటా అను వైద్యుడు ఆ సూచనను ఆచరణలో పెట్టి, కొన ఊపిరితో నున్న కొందరిని బ్రతికించెను. నేడు ప్రతి ఆసుపత్రిలోను మంచము ప్రక్క వ్రేలాడు సెలైను సీసాకు మూలమిదియే. ఆతడు ఈ ఒక్క పని మాత్రమే చేసియుండినను చరిత్రలో నిలిచియుండెడివాడు. అప్పటికి ఆతనికి పాతికేండ్లు నిండలేదు.

అంత ప్రతిభ చూపినను లండనులో స్థానము దొరకకపోవుటచే 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువున అసిస్టెంటు సర్జనుగ చేరి బంగాళమునకు వచ్చెను. 1835లో కలకత్తా వైద్య కళాశాల స్థాపింపబడినపుడు దానియందు రసాయనశాస్త్రాచార్యు డయ్యెను. ఇచటి ఓషధులపై ఆతనికి మిక్కుటమైన ఆసక్తి. పండితులను, హకీములను అడిగి తెలిసికొని, గంజాయిని మొదట జంతువులపైనను, పిదప రోగులపైనను పరీక్షించి, ధనుర్వాతము, కీళ్లవాతము, పసిపిల్లల మూర్ఛలు మున్నగు వ్యాధులలో దాని గుణమెట్టిదో 1839లో ప్రకటించెను. పాశ్చాత్య వైద్యమున ఆ మూలిక ప్రవేశించినది ఈతని వలననే.

అదే 1839వ సంవత్సరమున ఆతడు వేరొక పనికి పూనుకొనెను. కలకత్తాకెదురుగ హుగ్లీనది ఆవలి యొడ్డున నున్న ఉద్యానవనమున వెదురు గడలు పాతించి, వానిపై ఇనుపతీగను వరుసలు వరుసలుగ ముందుకు వెనుకకు త్రిప్పి, మొత్తము 21 మైళ్ల పొడవున తంతిమార్గము నిర్మించెను. దానిలో 7,000 అడుగుల తీగ నదీజలములందు మునిగియుండెను. ఇంగ్లండులో రైలుమార్గము వెంట 13 మైళ్ల తంతి నెలకొన్నదియు ఆ యేడే. ఓషానెస్సీకి ఆ వివరములు సరిగ నందలేదు. ఉన్న సామగ్రితో తన ఉపాయములు తానే పన్నెను. రెండు కొనలయందును సమముగ నడచు గడియారములుంచి, తీగ వెంబడి వచ్చు విద్యుత్తు వ్రేలికి తగిలి ఝల్లుమన్న క్షణమును బట్టి అక్షరమును గుర్తించు పద్ధతిని కల్పించెను. వార్త నందుకొనువాడు దానిని కంటితో చూడడు, చెవితో వినడు, చర్మముతో చదువును. వైద్యునికే తట్టదగిన ఉపాయమది. నది లోపలి తీగ గుండను సంకేతములు పోవుట చూచి ఆతడెంతో సంతసించెను. కంపెనీ ప్రభుత్వము మాత్రము ఆ ప్రయోగమును ఒక విద్వాంసుని వినోదముగ భావించి ఊరకుండెను.

ఆ ఊరకుండుట పదియేండ్లు సాగెను. సర్కారు కాగితముల నడక నెరిగినవారికి ఇందు వింత యేమియు తోచదు. ఆ కాలమున ఓషానెస్సీ కొన్నాళ్లు సెలవుపై ఇంగ్లండునకు పోయెను. 1843లో రాయల్ సొసైటీ సభ్యత్వము పొందెను. తిరిగివచ్చి కలకత్తా టంకశాలలో లోహపరీక్షకుడుగ పనిచేసెను. టంకశాలలోనే ఆతనికి శివచంద్ర నంది అను వంగయువకుడు సహాయకుడుగ దొరకెను. తరువాతి కథలో ఈ యువకుని పాలు చిన్నది కాదు.

1848లో లార్డ్ డల్హౌసీ గవర్నరు జనరలుగ వచ్చిన పిమ్మట పాత కాగితములకు ప్రాణము వచ్చెను. హుగ్లీ ముఖద్వారము ఓడలకు మృత్యుముఖము వంటిది. ఇసుకమేటలు మారుచుండును, తుపానులు విసరుచుండును. ఓడ వచ్చినదో మునిగినదో కలకత్తా వర్తకులకు తెలియుటకు ఎంతో కాలము పట్టుచుండెను. కావున తొలి తంతిమార్గమును కలకత్తానుండి నది వెంబడి డైమండ్ హార్బరు వైపు వేయుటకు అనుమతి లభించెను. పని 1850లో ఆరంభమై 1851లో ముగిసెను. డైమండ్ హార్బరు కొననుండి తొలి సంకేతము పంపినవాడు శివచంద్ర నంది. కలకత్తా కొన నందుకొన్నవాడు ఓషానెస్సీ. తరువాత ఆ మార్గము సముద్రపు మొగనున్న ఖేజురి వరకు సాగెను. దీనినిబట్టి చూడగా ఈ దేశమున తంతికి మొదటి ప్రయోజనము రాజ్యతంత్రము కాదు, నీటిపై నున్నవారి క్షేమము. పిదప జరిగినదానిని తలచినపుడు ఈ సంగతి మరువరానిది.

ఐరోపాలో వాడు సన్నని తీగలు ఈ దేశమున నిలువవని ఓషానెస్సీ ముందే గ్రహించెను. తీగపై కోతులు ఊగును, గ్రద్దలు వ్రాలును, వానకాలమున గుంజలు ఒరగును. అందుచే తీగకు మారుగ అంగుళములో మూడెనిమిదవ వంతు మందముగల ఇనుపకడ్డీల నుపయోగించెను. సూదిని అటునిటు కదలించు ఒక చిన్న యంత్రమును తానే రూపొందించి, దానికి తగిన అక్షరసంకేతములను తానే యేర్పరచెను. ఖర్చు తక్కువ, మరమ్మతు సులభము. మోర్స్ పద్ధతి ముందు అది పిమ్మట నిలువలేదన్న మాట నిజమే. కాని మొదటి ఆరేండ్లు దేశమంతయు మాటలాడినది ఆ సూదితోనే.

1852 ఏప్రిలులో రెండవ బర్మా యుద్ధమున రంగూను పట్టుబడెను. ఆ వార్తను మోసికొని వచ్చిన ఓడ కలకత్తా చేరకమునుపే తంతి కార్యాలయపు ద్వారమున ఆ వార్త అంటింపబడెను. డల్హౌసీకి ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేకపోయెను. దేశమంతట తంతి వేయవలెనని ఆతడు లండనునకు వ్రాయగా, ఎన్నడును త్వరపడి యెరుగని డైరెక్టర్లు కొలది కాలములోనే అంగీకరించిరి. ఓషానెస్సీ తంతిశాఖకు సూపరింటెండెం టయ్యెను.

1853 నవంబరులో పని మొదలిడి, 1854 మార్చి 24వ తేదీనాటికి కలకత్తానుండి ఆగ్రావరకు 800 మైళ్ల మార్గమును సాగించెను. అయిదు మాసములు కూడ పట్టలేదు. రైళ్లు లేవు, బాటలు లేవు. ఇనుము ఎడ్లబండ్లపై సాగవలెను, గుంజలు అడవులలో నరకవలెను, నదులపై తీగ దాటింపవలెను. ఆగ్రానుండి బొంబాయికిని, పెషావరునకును, బొంబాయినుండి మద్రాసునకును మార్గములు పెరిగెను. 1855 ఫిబ్రవరి 1వ తేదీన తంతి ప్రజల ఉపయోగమునకు తెరువబడెను. పద్మానదిని దాటింపవలసి వచ్చినపుడు శివచంద్ర నంది ఓడకు డబ్బు వెచ్చింపక, జాలరుల పడవలు కుదుర్చుకొని, మైళ్ల పొడవున తీగను నదిలో దింపెను. ఆతనికి రాయ్ బహద్దూర్ బిరుదము వచ్చినది 1883లో, అనగా ముప్పదియేండ్ల పిదప. ఓషానెస్సీకి సర్ బిరుదము 1856లోనే వచ్చెను. ఈ రెండు సంవత్సరముల నడుమ దూరము ఆనాటి పాలనకు ఒక కొలమానము.

తీగలు సాగుచుండగనే వాటిని బంధించు శాసనమును సిద్ధమయ్యెను. 1854వ సంవత్సరపు 34వ చట్టము కంపెనీ రాజ్యమున తంతిమార్గములు స్థాపించు ప్రత్యేకాధికారమును ప్రభుత్వమునకే కట్టబెట్టెను. ఇతరులు స్థాపింపవలెనన్నచో ప్రభుత్వము అనుమతి పత్రము నీయవలెను. ఇంగ్లండులో నాడు తంతి ప్రైవేటు కంపెనీల చేత నుండెను. అచటి ప్రభుత్వము వాటిని స్వాధీనపరచుకొన్నది 1870లో. అనగా ఈ విషయమున వలసరాజ్యము స్వరాజ్యమునకంటె పదునారేండ్లు ముందుండెను. ప్రభుత్వమే పూనుకొననిచో అంత విశాల దేశమున అంత శీఘ్రముగ, లాభములేని మారుమూలలకు సైతము, తీగ చేరియుండెడిది కాదనుట ఒప్పుకొనవలసినదే. అయితే ఆ తీగను ఎవరికొరకు, ఎపుడు తెరువవలెను, ఎపుడు మూయవలెను అను నిర్ణయము ఒక్కచేత చిక్కుకొనుటయు ఆ దినముననే జరిగెను.

1856లో ఓషానెస్సీ సెలవుపై పోయి ఐరోపా, అమెరికాలలో తంతిశాఖల నడవడిని పరిశీలించి, మోర్స్ యంత్రములను మన దేశమునకు తెచ్చు ఏర్పాట్లు చేయుచుండెను. ఆతడు దేశమున లేని ఆ కాలముననే 1857 మే నెల వచ్చెను. మే 11వ తేదీ ఉదయమున మీరట్ తిరుగుబాటుదారులు ఢిల్లీ ప్రవేశించిరి. తీగ ఎచట తెగినదో చూడబోయిన చార్లెస్ టాడ్ అను తంతి ఉద్యోగి హతుడయ్యెను. కార్యాలయమున మిగిలిన బ్రెండిష్, పిల్కింగ్టన్ అను ఇరువురు యువకులు అంబాలాకు వార్త పంపి పారిపోయిరి. ఆ వార్త లాహోరు చేరుటచేతనే మే 13వ తేదీన అచటి సిపాయిల ఆయుధములను అధికారులు ముందుగ లాగికొనగలిగిరి. తిరుగుబాటుదారులకు ఈ తీగ శక్తి తెలియకపోలేదు. కనబడిన చోటనెల్ల దానిని తెగనరికిరి. తూర్పుతీరమున తెలుగు జిల్లాల మీదుగ నేరు మార్గము నాటికి లేదు. కలకత్తానుండి మద్రాసునకు వార్త ఆగ్రా, బొంబాయిలు చుట్టి పోవలసియుండెను. నడుమ తెగుటతో ఆ రెండు రాజధానుల నడుమ మరల ఓడలే గతి యయ్యెను.

నది మొగలో ఓడల క్షేమమునకు పుట్టిన తంతి ఆరేండ్లలో సామ్రాజ్యపు ఆయుధ మయ్యెను. దాని ఫలితములలో ఒకటి ఈ దీవుల చరిత్ర. పట్టుబడిన తిరుగుబాటుదారులలో 200 మందిని సెమిరామిస్ అను ఓడపై నెక్కించి జేమ్స్ పాటిసన్ వాకర్ 1858 మార్చి 10వ తేదీన అండమానులకు తెచ్చెను. చాథం దీవిపై వారిని దింపెను. ఈ వాకర్ కూడ వైద్యుడే. అంతకు ముందు ఆగ్రా చెరసాల నేలినవాడు. ఒక వైద్యుడు దేశము నంతటిని తీగతో కలిపెను, వేరొక వైద్యుడు ఆ దేశమునుండి మనుషులను విడదీసి నల్లనీటి కావలికి తెచ్చెను.

తంతి ఈ దీవులకు రాలేదు. రాకుండుటయే ఇచటి శిక్షలో సగము. ఆ వెలితి పాలకులకే ఒకనాడు తగిలెను. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున వైస్రాయి లార్డ్ మేయో హోప్‌టౌన్ రేవున షేర్ అలీ కత్తిపోటుకు గురియై మరణించెను. సామ్రాజ్యమున అంతటి దుర్ఘటన జరిగియు, దానిని తెలుపుటకు పోర్టుబ్లెయరులో తీగముక్క లేదు. ఓడ ప్రయాణము ముగియువరకు కలకత్తాలో ప్రభుత్వము యథాప్రకారము సాగుచునే యుండెను. అప్పటికే బొంబాయినుండి లండనునకు సముద్రగర్భమున తంతి పడి రెండేండ్లయ్యెను. నిస్తంతి వార్తలు బర్మా తీరమందలి డైమండ్ దీవినుండి పోర్టుబ్లెయరునకు చేరనారంభించినది 20వ శతాబ్ది తొలి దశకమున మాత్రమే.

ఓషానెస్సీ తిరుగుబాటు అణగిన పిదప తిరిగివచ్చి చెడిన మార్గములను చక్కబరచి, మోర్స్ పద్ధతిని నెలకొల్పెను. ఆరోగ్యము సహకరింపనందున 1860 ప్రాంతమున సెలవుపై పోయి మరల రాలేదు. 1861లో ఒక బంధువు పేరును స్వీకరించి ఓషానెస్సీ బ్రూక్ అయ్యెను. ఆ తరువాత ఇరువదియెనిమిది యేండ్లు జీవించెను గాని, కలరాపై గాని, గంజాయిపై గాని, తంతిపై గాని లోకమునకు తెలిసిన వేరు కృషి యేదియు చేయలేదు. అంతటి చురుకైన మేధ అట్లు మౌనము వహించుటకు కారణమును చరిత్రకారులు చెప్పలేకపోయిరి. 1889 జనవరిలో ఇంగ్లండు దక్షిణతీరమందలి సౌత్‌సీలో కన్నుమూసెను.

ఆతడు బ్రతికియుండగనే కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరువబడెను. ఆ పని 1881లో అనుమతి పొందిన ఒక ప్రైవేటు కంపెనీ చేసెను. ఆతడు బ్రతికియుండగనే 1885వ సంవత్సరపు తంతి చట్టము వచ్చెను. ఆ చట్టపు 4వ సెక్షను పాత ప్రత్యేకాధికారమును నిలిపెను. తంతి యను మాటలోనే టెలిఫోను ఇమిడిపోయెను. 5వ సెక్షనులో అత్యవసర పరిస్థితి అను మాట కలదు. అయితే అది ఇల్లు కాలువానిదియో, ప్రసవవేదన పడు తల్లిదియో అయిన అత్యవసరము కాదు. వార్తలను ఆపుటకును, చదువుటకును ప్రభుత్వమునకు వీలు కల్పించు అత్యవసరము. ప్రజల ఆపదకొక ప్రత్యేకపు నంబరుండవలెనను భావన లండనులో 1937లో 999 రూపమునను, అమెరికాలో 1968లో 911 రూపమునను వచ్చెను. మన దేశమున పోలీసులకు 100, అగ్నిమాపకమునకు 101 అని వేర్వేరుగ చాలకాలముండి, అన్నిటికి ఒక్కటిగ 112 వచ్చునప్పటికి 21వ శతాబ్ది రెండవ దశకము ముగియవచ్చెను.

టెలిఫోను కంపెనీలను ప్రభుత్వము 1943లో స్వాధీనపరచుకొనెను. స్వాతంత్ర్యానంతరమున తంతి తపాలా శాఖ, 1985లో విడివడిన టెలికాం శాఖ, 2000 అక్టోబరు 1న పుట్టిన భారత సంచార నిగమ్, అన్నియు ఆ 1885 చట్టపు నీడలోనే నడచినవి. మారుమూల దీవిలో, లాభము కనబడని చోట, ఫోను పెట్టినది ఆ ప్రభుత్వ శాఖయే అనుట న్యాయము. ఫోను కనెక్షనుకై ఏండ్లు కాచుకొని యున్నవారి గోడు నిజమే అనుటయు న్యాయమే.

ఇంటర్నెట్టు మీదుగ మాటలాడుకొను విద్య వచ్చినపుడు పాత ప్రశ్న కొత్త వేషమున ఎదురయ్యెను. ఈ దేశమున 2002 ఏప్రిల్ 1వ తేదీవరకు దానికి అనుమతి లేదు. అనుమతి వచ్చినపుడు సైతము కంప్యూటరునుండి కంప్యూటరునకు, లేదా విదేశపు ఫోనునకు మాటలాడవచ్చును గాని, మన దేశపు ఫోనునకు మాటలాడరాదు. అనగా అమెరికాలోని కుమారునితో మాటలాడిన యంత్రముపైననే వీధిచివరి పోలీసుఠాణాను పిలువ వీలులేదు. పిమ్మట 2018లో ఆ కంచె తొలగెను. అయినను ఒక చిక్కు మిగిలెను. తీగఫోను గోడకు కట్టుబడి యుండును గనుక పిలిచినవా డెచట నున్నదియు తెలియును. ఇంటర్నెట్టు పిలుపు ఎచటినుండి యైన రావచ్చును. అందుచే టెలికాం నియంత్రణ సంస్థ 2017లో, అట్టి సేవలపై అత్యవసర పిలుపులను నిర్బంధము చేయక, ఆ పరిమితిని వాడుకదారులకు తెలియజేయుట చాలునని సిఫారసు చేసెను.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చినపుడు ఈ దీవులలో తీగలును, గోపురములును పెక్కుచోట్ల కూలినవి. అప్పటికి మూడు వారములుగ హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన ఒక చిన్న బృందము పోర్టుబ్లెయరులో మకాము చేసియుండెను. వినోదార్థము దూరదేశముల వారితో రేడియోపై పలుకరించుకొనుటకు, ఏండ్ల తరబడి కోరగా ఎట్టకేలకు లభించిన అనుమతితో, వారు వచ్చిరి. నాటి ఉదయమునుండి ఆ వినోదము విడిచి, బ్రతికినవారి పేర్లను ప్రధానభూమిలోని బంధువులకు అందించు పనిలో రేయింబవళ్లు మునిగిరి. అనుమతి మరొక నెల ఆలస్యమై యుండినచో వారుండెడివారు కారు. ఆ అనుమతియు 1885 చట్టము క్రిందిదే.

తంతివార్తల సేవ 2013 జూలైలో ఆగిపోయెను. 1885 చట్టమునకు బదులు 2023లో కొత్త చట్టము వచ్చి, దానిలోని కొన్ని భాగములు 2024 జూన్ 26వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పోర్టుబ్లెయరు శ్రీవిజయపుర మయ్యెను. అంతకు నాలుగేండ్లు ముందు, 2020 ఆగస్టు 10వ తేదీన, చెన్నైనుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన తీగ ప్రారంభింపబడెను. దానికి ముందు ఈ దీవుల మాటలన్నియు ఉపగ్రహముల మీదుగనే పోవలసియుండెను. ఓషానెస్సీ హుగ్లీలో ముంచిన 7,000 అడుగుల తీగకు 181 యేండ్ల తరువాత పడిన ఈ తీగ ఇచటినుండి స్వరాజ్ ద్వీపము, రంగత్, లాంగ్ ఐలండ్, లిటిల్ అండమాను, కార్ నికోబార్, కమోర్టాల మీదుగ గ్రేట్ నికోబారు వరకు పోవుచున్నది.